పిల్లలతో, పెద్దవాళ్లతో స్టాక్‌హోమ్‌లో ఒక్క రోజు: పొద్దున్నించి రాత్రి దాకా ఎలా తిరగాలి

స్టాక్‌హోమ్ 14 దీవుల మీద పరుచుకున్న ఊరు. పడమర మేలారెన్ అనే మంచినీటి సరస్సు, తూర్పున బాల్టిక్ సముద్రం. ఆ రెండూ కలిసేది సరిగ్గా ఊరి నడిమధ్యే. మ్యూజియంలు, రాజభవనాలు, పార్కులు అన్నీ చూడాలంటే వారం కూడా చాలదు. ఒక్క రోజే చేతిలో ఉన్న కుటుంబం ముందుగా చేయాల్సింది చూడాల్సిన వాటి లిస్టును తగ్గించుకోవడం. నా సలహా సూటిగా చెప్తాను: రెండు దీవులు చాలు. పొద్దున, మధ్యాహ్నం యూర్గోర్డెన్, సాయంత్రం పాత ఊరు గామ్లా స్తాన్. మధ్యలో పడవ ప్రయాణం, చివర్లో రాత్రి భోజనానికి పక్కనే ఉన్న సోడర్‌మాల్మ్ దీవి.

ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ల ఇళ్లకు వేసవి రాగానే అమ్మానాన్నలు, అత్తమామలు, యూరప్ టూర్‌లో ఉన్న స్నేహితుల కుటుంబాలు వస్తుంటారు. మా ఇంటికి వచ్చినవాళ్లని నేను తిప్పే దారి ఇదే. ఐదేళ్ల పిల్లకీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకీ ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తున్నాను.

బయల్దేరే ముందు: ఇండియాలోనే చూసుకోవాల్సినవి

స్వీడన్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ఆ వీసా ఏ షెంగెన్ దేశం ద్వారా తీసుకున్నా ఇక్కడికి రావచ్చు. 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలన్నది వీసా షరతు కాబట్టి అది ఎలాగూ తీసుకుంటారు. ఆ పాలసీ కాగితం ఫోన్‌లో కూడా దాచుకోండి.

డబ్బు విషయం చాలామందిని కంగారు పెడుతుంది. స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా యూరో వాడదు. ఇక్కడి కరెన్సీ స్వీడిష్ క్రోనా. కానీ మీరు నోట్లు మార్చుకోవాల్సిన అవసరం దాదాపు లేదు. బస్సుల్లో నోట్లు తీసుకోరు. మ్యూజియంలలో, కాఫీ షాపుల్లో "కార్డు మాత్రమే" అనే బోర్డులు మామూలే. అంతర్జాతీయ లావాదేవీలు, ట్యాప్ చేసే సదుపాయం రెండూ ఆన్ చేసిన వీసా లేదా మాస్టర్‌కార్డు రెండు తెచ్చుకోండి. ఒకటి పనిచేయకపోతే రెండోది ఉంటుంది. కార్డులు రెండూ ఒకే పర్సులో పెట్టకండి.

ఇక తిండి. ఊరి నుంచి వస్తున్నారంటే సూట్‌కేసులో సగం తినుబండారాలే ఉంటాయి, నాకు తెలుసు. అందుకే నియమం చెప్తున్నాను: యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి డబ్బా, పాలకోవా, పనీర్ ఇంట్లోనే వదిలేయండి. తాజా కరివేపాకు, మామిడిపండ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా తేవడానికి వీల్లేదు. కొబ్బరికాయ, అరటిపండు, అనాస, ఖర్జూరం, డూరియన్‌లకు మాత్రం ఆ నియమం లేదు. ఆవకాయ, కందిపొడి, మురుకులు, చెక్కలు ఏ ఇబ్బందీ లేకుండా వస్తాయి. పచ్చడి మాత్రం నూనె కారకుండా రెండు కవర్లు వేసి సీల్ చేయించండి.

రోజు ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త. జూన్ చివర్లో, 19 నుంచి 25 మధ్య వచ్చే శుక్రవారం ఇక్కడ మిడ్‌సమ్మర్ పండగ ముందు రోజు. ఊరివాళ్లంతా పల్లెలకు, సముద్రం మధ్య దీవులకు వెళ్లిపోతారు. షాపులు, హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఉంటుంది. ఆ పండగే చూడాలనుకుంటే స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియంలో ఘనంగా చేస్తారు, తప్పకుండా వెళ్లండి. మామూలు సైట్‌సీయింగ్ అనుకుంటే ఆ రెండు రోజులు వదిలేయండి.

టికెట్లు ఎలా కొనాలి

మెట్రో, బస్సు, ట్రామ్, నేను చెప్పబోయే పడవ, అన్నీ ఎస్‌ఎల్ అనే ఒకే రవాణా సంస్థ టికెట్‌తో నడుస్తాయి. విడి టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది. ఆ లోపల ఎన్ని బళ్లు మారినా పర్లేదు. నాలుగైదు సార్లు ఎక్కి దిగే రోజైతే 24 గంటల టికెట్ లాభం, పైగా ప్రతిసారీ గడియారం చూసుకునే టెన్షన్ ఉండదు.

బ్యాంకు కార్డును గేటు దగ్గర ట్యాప్ చేసి కూడా వెళ్లొచ్చు. కానీ అప్పుడు పెద్దవాళ్ల పూర్తి చార్జీ పడుతుంది. 65 దాటినవాళ్లకు, 20 లోపు పిల్లలకు తగ్గింపు ఉంది. తాతయ్య, నానమ్మ వెంట ఉంటే యాప్‌లో గానీ కౌంటర్‌లో గానీ ఆ తగ్గింపు టికెట్ అడిగి తీసుకోండి. ఏడేళ్ల లోపు పిల్లలకు టికెట్ కొన్న పెద్దవాళ్లతో ఉంటే ఉచితం.

మ్యూజియం టికెట్లు ముందు రోజు రాత్రే ఆన్‌లైన్‌లో కొని పెట్టుకోవడం మంచిది. పాత యుద్ధనౌకను పెట్టిన వాసా మ్యూజియానికి పెద్దవాళ్లకు 200 క్రోనర్లకు అటూ ఇటూ అవుతుంది, 18 ఏళ్ల వరకు పిల్లలకు ఉచితం. స్కాన్సెన్ టికెట్ సీజన్‌ను బట్టి మారుతుంది, నాలుగేళ్ల నుంచి పిల్లలకు కూడా కొనాలి. నలుగురు పెద్దలున్న కుటుంబానికి ఇదంతా కలిస్తే తక్కువేమీ కాదు. కాబట్టి పిల్లలకు ఉచితం ఎక్కడుందో అక్కడ ఎక్కువ సమయం గడపడం తెలివైన పని.

పొద్దున: బ్యాగు సర్దడం, ఊళ్లో నడక అలవాట్లు

జూలైలో కూడా ఒక్క స్వెటర్ బ్యాగులో ఉండాలి. ఎండ కాస్తుండగానే గాలి మారి చల్లబడుతుంది, పడవ మీద ఇంకా ఎక్కువ. పెద్ద కోటు ఒకటి కంటే పలుచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుంటే తీయడం, వేయడం తేలిక. చెప్పులు, హీల్స్ వద్దు. పాత ఊళ్లో వీధులన్నీ గుండ్రటి రాళ్లు పరిచినవే. చీర కట్టుకునే అమ్మలకు కూడా కింద స్పోర్ట్స్ షూస్ వేయించండి, కాసేపు మొహమాటపడినా సాయంత్రానికి మెచ్చుకుంటారు.

నీళ్లు కొనకండి. కుళాయి నీళ్లు శుభ్రంగా, చల్లగా ఉంటాయి. ఖాళీ సీసా తీసుకెళ్తే చాలు. పెరుగన్నం గానీ పులిహోర గానీ డబ్బాలో కట్టుకుని వెళ్లండి. వండుకునే వీలు లేకపోతే ముందు రోజు ఇకా, కోప్, లిడిల్ లాంటి సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు, పెరుగు, పండ్లు తీసుకోండి. బయట కూర్చుని సొంత డబ్బా తెరిచి తినడం ఇక్కడివాళ్లు కూడా చేసేదే, ఎవరూ తేడాగా చూడరు.

రోడ్డు మీద రెండు విషయాలు పిల్లలకు ముందే చెప్పాలి. బళ్లు కుడివైపు నడుస్తాయి. 1967 సెప్టెంబర్ 3న ఒక్క రోజులో దేశమంతా ఎడమ నుంచి కుడికి మారింది. అంటే రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి. మనకు అలవాటు దానికి ఉల్టా. రెండోది సైకిల్ దారి. కాలిబాట పక్కనే ఉంటుంది, చూడ్డానికి కాలిబాట లాగే ఉంటుంది. సైకిళ్లు మాత్రం వేగంగా వస్తాయి. ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచి ఆ దారిలోకి వెళ్లేవాళ్లను చాలామందిని చూశాను. నేల మీద సైకిల్ బొమ్మ కనిపిస్తే పక్కకు వచ్చేయాలని పిల్లలకు ఆటలాగా నేర్పించండి.

అత్యవసరమైతే 112, జ్వరం, కడుపునొప్పి లాంటి వాటికి సలహా కావాలంటే 1177. ఈ రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మొదటి మజిలీ: టీ-సెంట్రాలెన్ స్టేషన్ కిందికి

మీ హోటల్ ఎక్కడున్నా టీ-సెంట్రాలెన్ అనే మెట్రో స్టేషన్‌కు చేరండి. ఇక్కడి నుంచి యూర్గోర్డెన్‌కు 7వ నంబర్ ట్రామ్ వెళ్తుంది. ట్రామ్ ఎక్కే ముందు పది నిమిషాలు వెచ్చించి బ్లూ లైన్ ప్లాట్‌ఫాం దాకా కిందికి దిగండి.

అక్కడ రాతిని తొలిచిన గుహను అలాగే వదిలేసి, గోడల మీద, కప్పు మీద తెలుపు నీలం రంగుల్లో పెద్ద పెద్ద తీగలు, ఆకులు వేశారు. పెర్ ఓలోఫ్ ఉల్ట్‌వేట్ అనే చిత్రకారుడు 1975లో చేసిన పని అది. తీగలు చూసి వెనక్కి వచ్చేయకండి. ఒకచోట కప్పు మీద మనుషుల నీడల్లాంటి నీలం బొమ్మలు ఉంటాయి. నిచ్చెన మీద ఒకరు, పనిముట్టు పట్టుకుని ఒకరు. ఆ స్టేషన్ కట్టిన కూలీలు, వెల్డర్లు, వడ్రంగుల బొమ్మలవి. రాజుల విగ్రహాలకు లోటు లేని ఊళ్లో పని చేసినవాళ్లను రోజూ వేలమంది నడిచే చోట నెత్తి మీద పెట్టుకున్నారు. నాకు ఈ ఊళ్లో బాగా నచ్చిన చోట్లలో అదొకటి. ఈ మెట్రోలో 100 స్టేషన్లుంటే 90కి పైగా స్టేషన్లలో ఏదో ఒక కళాకృతి ఉంది. టికెట్ ఉంటే చాలు, ఇదంతా అదనపు ఖర్చు లేకుండా చూడొచ్చు.

లిఫ్టులు ఉంటాయి కాబట్టి స్ట్రోలర్, వీల్‌చెయిర్ ఉన్నా దిగొచ్చు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడి ఎడమవైపు వదిలేయాలి.

రెండో మజిలీ: వాసా ఓడ (రెండు గంటలు)

రోజు మొత్తం మీద ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున 8:30కే తెరుస్తారు. తెరిచే వేళకు గుమ్మం దగ్గర ఉండాలి. పది దాటితే టూరిస్టు బస్సులు వచ్చేస్తాయి, ఆ తర్వాత పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవాల్సిందే. ట్రామ్ దిగిన స్టాపు నుంచి నడక కొద్దిసేపే.

లోపలికి అడుగుపెట్టగానే చీకటి, చలి. చెక్క పాడవకుండా గదిని 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచుతారు. స్వెటర్ ఇక్కడే బ్యాగులోంచి తీసి వేసుకోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎదురుగా ఓడ కనిపిస్తుంది. 69 మీటర్ల పొడవు, 52 మీటర్లకు పైగా ఎత్తు. నమూనా కాదు, అసలు ఓడ. దాదాపు 98 శాతం 17వ శతాబ్దపు చెక్కే.

పిల్లలకు కథ ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లే మిమ్మల్ని లాక్కుని తిరుగుతారు. కథ ఇది. రెండో గుస్తావ్ అడోల్ఫ్ అనే రాజు పోలెండ్‌తో యుద్ధంలో ఉండగా 64 ఫిరంగులతో పెద్ద యుద్ధనౌక కట్టించాడు. కట్టే పెద్ద మేస్త్రి హెన్రిక్ హిబెర్ట్‌సన్ పని పూర్తి కాకముందే 1627లో చనిపోయాడు. ఓడ నీళ్లలో ఉండగా ఒక పరీక్ష చేశారు. 30 మందిని డెక్ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరిగెత్తమన్నారు. మూడోసారికే ఓడ ఎంత ఊగిందంటే పరీక్ష ఆపేశారు. ఆపారే గానీ ప్రయాణం ఆపలేదు. రాజు తొందరపెడుతున్నాడు, ఆయనకు నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

1628 ఆగస్టు 10న జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా వాసా బయల్దేరింది. సెల్యూట్ కోసం ఫిరంగుల కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఒక గాలి విసురుకు ఓడ పక్కకు ఒరిగింది, కింది వరస కిటికీల్లోంచి నీళ్లు లోపలికి వచ్చాయి. 1,300 మీటర్లు మాత్రమే వెళ్లి, ఊరి ముందే 32 మీటర్ల లోతుకు మునిగిపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు. విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. పైభాగం బరువెక్కువ, నీటి అడుగున ఉండాల్సిన భాగం చాలనంత చిన్నది. అదీ కారణం.

మరి 333 ఏళ్లు నీళ్లలో ఉన్న చెక్క కుళ్లిపోలేదేం? పిల్లలు అడిగే మంచి ప్రశ్న ఇది. సముద్రంలో చెక్కను తొలిచేసే ఓడపురుగు ఉప్పు నీళ్లలోనే బతుకుతుంది. బాల్టిక్ నీళ్లలో ఉప్పు చాలా తక్కువ కాబట్టి ఆ పురుగు ఇక్కడికి రాలేదు. 1956లో ఆండర్స్ ఫ్రాన్జెన్ అనే ఆయన ఓడ ఉన్న చోటు కనిపెట్టాడు. డైవర్లు ఓడ అడుగున బురదలో ఆరు సొరంగాలు తవ్వి, ఉక్కు తాళ్లు దూర్చి, 1961 ఏప్రిల్ 24న పైకి తెచ్చారు. తెచ్చాక ఆరనిస్తే పగిలిపోతుంది. అందుకని 17 ఏళ్లపాటు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని చల్లుతూనే ఉన్నారు. ఇప్పుడున్న మ్యూజియం 1990లో తెరిచారు.

చూసే పద్ధతి: ముందు కింది అంతస్తుకు వెళ్లి ఓడ అడుగు భాగం చూడండి. ఎంత సన్నగా ఉందో, పైన ఎంత ఎత్తు కట్టారో అక్కడ నిలబడితే చిన్నపిల్లలకు కూడా మునిగిపోవడానికి కారణం అర్థమవుతుంది. తర్వాత లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి మెల్లగా దిగుతూ రండి. వెనక భాగంలో చెక్కిన శిల్పాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఓడ మొత్తం మీద దాదాపు 700 శిల్పాలున్నాయి. ఇప్పుడు అంతా నల్లగా కనిపిస్తుంది గానీ, అప్పట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేసి ఉండేవి. పక్కనే పదో వంతు సైజు నమూనాకు ఆ రంగులన్నీ వేసి పెట్టారు. మన గుడి గోపురాలు చూసి పెరిగిన కళ్లకు ఆ రంగులు కొత్తగా అనిపించవు. ఫిరంగి కిటికీ తలుపుల లోపలి వైపు చూడమని పిల్లలకు చెప్పండి. తలుపు తెరిస్తే శత్రువుకు కనిపించేలా ప్రతి దాని మీదా సింహం ముఖం చెక్కి ఉంటుంది.

ఓడతో పాటు దొరికిన మనుషుల ఎముకలు కూడా ఒక గదిలో ఉన్నాయి. భయపడే పిల్లలుంటే ఆ గది వదిలేయండి. భయం లేనివాళ్లకు ఒక విశేషం: మగవాడనుకుని చాలా ఏళ్లు గుస్తావ్ అని పిలిచిన ఒక అస్థిపంజరం మహిళదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. ఆ సంగతి 2023లో ప్రకటించారు.

బయటికొచ్చే ముందు అందర్నీ టాయిలెట్‌కు పంపించండి. మ్యూజియంలలో ఉచితం, ఊళ్లో చాలాచోట్ల డబ్బులు కట్టాలి, అదీ కార్డుతోనే.

మూడో మజిలీ: స్కాన్సెన్ (భోజనంతో కలిపి మూడు గంటలు)

వాసా నుంచి పది, పన్నెండు నిమిషాలు నడిస్తే స్కాన్సెన్ పెద్ద గేటు. నడవలేనివాళ్లు అదే 7వ నంబర్ ట్రామ్ ఎక్కొచ్చు. ఆర్టూర్ హజేలియుస్ అనే ఆయన 1891లో మొదలుపెట్టిన ఆరుబయలు మ్యూజియం ఇది, ఈ రకం మ్యూజియంలలో ప్రపంచంలో బాగా పాతవాటిలో ఒకటి. ఫ్యాక్టరీలు వచ్చి పల్లె బతుకు మాయమైపోతోందని ఆయనకు దిగులు. దేశం నలుమూలల నుంచి రైతుల ఇళ్లు, గాదెలు, చర్చి, బడి ఊడదీసి తెచ్చి ఈ కొండ మీద మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడు దాదాపు 150 కట్టడాలున్నాయి.

ఒక్క కిటుకు గుర్తుంచుకుంటే పెద్దవాళ్లు అలిసిపోరు: పైకి నడవకండి. పెద్ద గేటు దగ్గర ఎస్కలేటర్ ఉంది, ఇంకో పక్క తాడుతో లాగే చిన్న కొండ రైలు ఉంది. పైకి అలా చేరి, కిందికి నడుచుకుంటూ రండి.

పైకి చేరగానే ముందు భోజనం. ఊరు కనిపించే చోట బల్లలుంటాయి, డబ్బాలు తెరవండి. ఆ తర్వాత జంతువులు. గోధుమరంగు ఎలుగుబంట్లు, తోడేళ్లు, లింక్స్ పిల్లులు, సీల్స్, రెయిన్‌డీర్, మూస్. అన్నీ ఈ ఉత్తర దేశాల జంతువులే. ఏనుగూ పులీ ఉండవని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. మూస్‌ను దగ్గరగా చూస్తే గుర్రం కంటే ఎత్తుగా, పెద్ద మూతితో, సన్నటి పొడుగు కాళ్లతో ఉంటుంది. మా ఇంటికి వచ్చిన పిల్లలంతా దాని దగ్గర్నుంచి కదలమని మొండికేసినవాళ్లే. మరీ చిన్న పిల్లలకు మేకలు, కుందేళ్లు ఉండే భాగం వేరే ఉంది.

పాత ఇళ్లలో ఆ కాలపు బట్టలు వేసుకున్న మనుషులు కూర్చుని ఉంటారు. నూలు వడుకుతుంటారు, రొట్టె కాలుస్తుంటారు. గాజు ఊదే చోట ఎర్రగా కాలిన ముద్ద గొట్టం చివర గిన్నెగా మారేది కళ్ల ముందే చూడొచ్చు. వాళ్లను ప్రశ్నలు అడగండి, ఇంగ్లిష్‌లో చక్కగా జవాబు చెప్తారు. మా నాన్నకు అన్నిటికంటే నచ్చింది గడ్డి కప్పుల పాత రైతు ఇల్లు. గింజలు ఎలా దాచేవాళ్లు, చలికాలం పశువుల్ని ఎక్కడ కట్టేవాళ్లు అని అక్కడి ఆవిడను అడుగుతూ, నాతో తర్జుమా చేయించుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. వ్యవసాయం తెలిసిన పెద్దవాళ్లకు రాజభవనం కంటే ఇది ఎక్కువ నచ్చుతుంది.

వాన పడుతుంటే, పిల్లలు ఆరేళ్ల లోపువాళ్లయితే స్కాన్సెన్ బదులు వాసా పక్కనే ఉన్న యూనిబాకెన్‌కు వెళ్లండి. పిల్లల కథల లోకం, లోపల కథ చెప్పే చిన్న రైలు ఎక్కిస్తారు. టీనేజ్ పిల్లలైతే 1883 నుంచి నడుస్తున్న గ్రోనా లుండ్ అమ్యూజ్‌మెంట్ పార్కు అడుగుతారు. దానికి ఒప్పుకుంటే ఆ పూటంతా దానికే పోతుంది. కుటుంబం రెండుగా విడిపోయి, సాయంత్రం పడవ దగ్గర కలుసుకోవడం మేలు.

నాలుగో మజిలీ: పడవ

గ్రోనా లుండ్ పక్కన ఆల్మెన్నా గ్రెండ్ అనే రేవు నుంచి 82వ నంబర్ పడవ స్లుసెన్‌కు వెళ్తుంది. ఇది టూరిస్టు బోటు కాదు, ఊరివాళ్లు పనికి వెళ్లే పడవ. మీ 24 గంటల టికెట్ దీనికీ చెల్లుతుంది. నీళ్ల మీద తిప్పుతామని గంటకు ఎక్కువ డబ్బు తీసుకునే బోట్లు ఊళ్లో చాలా ఉన్నాయి. ఒక్క రోజే ఉన్నవాళ్లకు ఈ పడవ చాలు.

పైన డెక్ మీద కూర్చోండి. వెనక్కి తిరిగితే ఎగ్జిబిషన్ రాట్నాలు, కేకలు. కుడివైపు చిన్న కోట మీద స్వీడన్ జెండా, ఆ పక్కన మూడు స్తంభాల తెల్ల ఓడ ఆఫ్ షాప్‌మన్, ఇప్పుడు అది హాస్టల్. ఎదురుగా పాత ఊరి గోడలు పసుపు, ఎరుపు రంగుల్లో దగ్గరపడతాయి. పొద్దున మునిగిపోయిన ఓడ కథ విన్న పిల్లలకు ఇవే ఆ నీళ్లని చెప్పండి. ఫ్యామిలీ ఫోటో తీసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ రోజు మొత్తంలో లేదు. గాలికి టోపీలు, చున్నీలు జాగ్రత్త.

ఐదో మజిలీ: గామ్లా స్తాన్

స్లుసెన్‌లో దిగి ఐదు నిమిషాలు నడిస్తే పాత ఊరు. స్ట్రోలర్ తోసేవాళ్లకు ఇదే కష్టమైన చోటు, రాళ్ల మీద చక్రాలు ఎగిరెగిరి పడతాయి. వీలైతే చంటిపిల్లల్ని ఎత్తుకునే క్యారియర్‌లో వేసుకోండి.

పెద్ద వీధిలో రెండు పక్కలా గుర్రపు బొమ్మలు, మాగ్నెట్ల షాపులే. అవి దాటి నేరుగా స్టూర్తోర్యెట్ చౌరస్తాకు వెళ్లండి. 1520 నవంబర్‌లో డెన్మార్క్ రాజు రెండో క్రిస్టియన్ ఇక్కడ 80 మందికి పైగా స్వీడన్ పెద్దల తలలు తీయించాడు. ఇప్పుడు అదే చోట ఎర్ర ఇల్లు, పసుపు ఇల్లు ముందు జనం కాఫీ తాగుతుంటారు.

ఆ చౌరస్తాలో పాత స్టాక్ ఎక్స్‌ఛేంజ్ భవనంలోనే నోబెల్ ప్రైజ్ మ్యూజియం. మూసే వేళ ముందే చూసుకుని వెళ్లండి. చిన్నదే, ముప్పావుగంటలో అయిపోతుంది. కానీ తెలుగు పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇక్కడ ఒకటి ఉంది. లోపల కప్పు కింద తీగకు వేలాడుతూ నోబెల్ పొందినవాళ్ల బొమ్మలు వరసగా కదులుతుంటాయి. వాళ్లలో 1930లో ఫిజిక్స్ నోబెల్ పొందిన సి.వి. రామన్ ఒకరు. ఆయన చిన్నతనం గడిచింది విశాఖపట్నంలో. నాన్న అక్కడి కాలేజీలో లెక్చరర్. రామన్ అక్కడి సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. 1930 డిసెంబర్‌లో నోబెల్ బహుమతి తీసుకోవడానికి స్వయంగా ఈ ఊరు వచ్చాడు. ఐదో క్లాసు, ఆరో క్లాసు పిల్లలకు ఆ వయసు లెక్క చెప్పి చూడండి, బొమ్మల్లో ఆయన్ని వెతకడం వాళ్లే మొదలుపెడతారు. 1913లో సాహిత్యానికి అందుకున్న రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పుడు రాలేదు గానీ 1921లో వచ్చి ఇక్కడ ఉపన్యాసమిచ్చారు.

మ్యూజియం కాఫీ షాపులో కూర్చుంటే కుర్చీని తిప్పి అడుగున చూడండి. నోబెల్ పొందినవాళ్లు వచ్చినప్పుడు కుర్చీ అడుగున సంతకం చేయడం ఆనవాయితీ. మీ కుర్చీ కింద ఎవరి సంతకం ఉందో చదవడానికి పిల్లలు నేల మీద పడుకున్నా అక్కడివాళ్లు నవ్వి ఊరుకుంటారు.

సాయంత్రం కాఫీకి దాల్చినచెక్క బన్ను తోడు తీసుకోండి. శాకాహారులు గుడ్డు సంగతి అడిగి తెలుసుకోవాలి, బన్ను పైన మెరుపు కోసం గుడ్డు రాసే అలవాటు ఉంది. రంగురంగుల జెల్లీ మిఠాయిలు తూకానికి అమ్ముతారు, పిల్లలు వదలరు. వాటిలో చాలావాటికి గెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. డబ్బా మీద రాసింది చదివి, లేనివి ఏరుకోండి.

తర్వాత రెండు చిన్న చోట్లు. మోర్టెన్ ట్రోట్సిగ్ సందు సన్నటి చోట 90 సెంటీమీటర్లే, 36 మెట్లు. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచి చూస్తే చాలు. రెండోది రాజభవనం దగ్గర ఫిన్నిష్ చర్చి వెనక పెరట్లో ఉన్న ఇనుప బాలుడు. 15 సెంటీమీటర్ల బొమ్మ, మోకాళ్లు ముడుచుకుని చంద్రుణ్ణి చూస్తూ కూర్చుంటాడు. చలికాలంలో ఎవరో ఒకరు వాడికి చిన్న ఊలు టోపీ అల్లి తొడుగుతారు. తల నిమిరీ నిమిరీ నున్నగా మెరుస్తుంటుంది.

రాజభవనం లోపలికి వెళ్లాలని నేను చెప్పను. 600కు పైగా గదులున్న భవనాన్ని అలిసిన కాళ్లతో చూడటం శిక్షే. బయట గార్డులను చూసి ముందుకు సాగండి.

ఆరో మజిలీ: సాయంత్రం వెలుగు, రాత్రి భోజనం

స్లుసెన్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే మారియాతోర్యెట్. అక్కడి నుంచి కొద్ది దూరంలో మోంటేలియుస్‌వేగెన్ అనే నడక దారి, కొండ అంచున దాదాపు అర కిలోమీటరు. బెంచీలు ఉంటాయి. కింద మేలారెన్ సరస్సు, అవతల ఎర్ర ఇటుకల సిటీ హాల్ కనిపిస్తాయి. 1923లో తెరిచిన ఆ భవనానికి దాదాపు 80 లక్షల ఇటుకలు పట్టాయి. టవర్ 106 మీటర్లు, కొసన మూడు బంగారు కిరీటాలు. ప్రతి డిసెంబర్ 10న నోబెల్ విందు జరిగేది అందులోనే. జూన్ చివర్లో పొద్దు గూకేసరికి రాత్రి పది అవుతుంది కాబట్టి తొందరేమీ లేదు.

భోజనం మాత్రం వెలుతురును నమ్ముకుని ఆలస్యం చేయకండి. ఇంకా ఎండ ఉంది కదా అనుకుంటూ తొమ్మిదిన్నరకు వెళ్తే చాలాచోట్ల వంటగది మూసేసి ఉంటుంది. ఏడున్నరకల్లా కూర్చోవాలి. ఈ సోడర్‌మాల్మ్ దీవిలో ఫలాఫెల్ కొట్ల నుంచి ఇండియన్ హోటళ్ల దాకా అన్నీ ఉన్నాయి, శాకాహారం పెద్ద సమస్య కాదు. డబ్బు ఆదా కావాలంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం హోటల్లో తిని రాత్రి తేలిగ్గా కానివ్వండి. పదకొండు నుంచి రెండు మధ్య పెట్టే లంచ్‌లో సలాడ్, బ్రెడ్, కాఫీ కలిపి ఇస్తారు. అదే వంట రాత్రికి చాలా ఖరీదు.

స్ట్రోలర్‌తో తిరిగి వెళ్లేవాళ్లు బస్సు ఎక్కితే మధ్య తలుపులోంచి ఎక్కాలి. స్ట్రోలర్‌లో బిడ్డతో ఉన్న పెద్దవాళ్లలో ఒకరికి బస్సులో టికెట్ అవసరం లేదు. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది.

చలికాలంలో వస్తే

డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అప్పుడు ఈ వరస తిరగేయాలి. పొద్దున ముందు స్కాన్సెన్, వెలుతురు ఉండగానే జంతువులు, ఇళ్లు చూసేయండి. చీకటి పడ్డాక వాసా. క్రిస్మస్‌కు ముందు వారాంతాల్లో స్కాన్సెన్‌లో జరిగే సంత 1903 నుంచి వస్తున్నది, దీపాల వెలుగులో చాలా బాగుంటుంది, ఆ రోజుల్లో వస్తే ఆ సంత దగ్గర ఇంకో గంట కేటాయించండి. పడవ డెక్ మీద కాకుండా లోపల కూర్చోండి. మంచు గడ్డకట్టి రాళ్లు జారతాయి కాబట్టి పాత ఊళ్లో మెట్ల సందు వైపు పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. షూ కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు ఇక్కడి షాపుల్లో దొరుకుతాయి, అమ్మానాన్నల కోసం వచ్చిన రోజే రెండు జతలు కొనండి.